క్యానూల్, క్యానూల

నా చిన్నప్పుడు ఎడిసన్‌లో మా పక్కింట్లో ఐర్లాండ్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. గ్రానీ అని పిలిచేదాన్ని. స్కూల్ అయ్యాక అమ్మ ఆఫీస్ నుంచి వచ్చేదాకా ఆవిడ దగ్గరే ఉండేదాన్ని. వెళ్ళగానే మెడ చుట్టూ చేతులేస్తే "క్యానూల్" అనేది. ఐరిష్‌లో ఆప్యాయంగా ఉండేవాళ్ళని అలా అంటారట. ఇంకా ఎక్కువ ఆప్యాయంగా ఉంటే ఏమంటారని అడిగాను. "నీస్ క్యానూల" అని చెప్పి, రెండూ కాగితం మీద రాసిచ్చింది. ఆ రెండో మాట నన్నెప్పుడంటుందా అని ఎదురుచూసేదాన్ని.

ఈలోగా నాలుగేళ్ళ మా చెల్లి కూడా నాతో రావడం మొదలుపెట్టింది. వచ్చిన మొదటిరోజే గ్రానీ ఒళ్ళో ఎక్కి కూర్చుంది. అది నా చోటు. దాని బుగ్గలు, దాని ముద్దుమాటలు చూసి ఆవిడ నవ్వుతుంటే నాకు కడుపు మండిపోయేది.

ఒకరోజు టేబుల్ మీద మా ఇద్దరి ఫొటో కనిపించింది. గ్రానీ ఐర్లాండ్‌లో ఉన్న వాళ్ళ అక్కకి పంపుతోందట. కింద ఆవిడ రాసిన రెండు మాటల్లో ఒకటి నాకు తెలుసు. క్యానూల. ఫొటోలో ముందు నిలబడింది చెల్లి. ఇంకేం ఆలోచించలేదు, రెండు ముక్కలుగా చింపేశాను. నా చెయ్యి పట్టుకున్న చెల్లి చెయ్యి తెగి నా ముక్కలోనే ఉండిపోయింది.

"అక్కా, మై హ్యాండ్!" అని చెల్లి బావురుమంది.

గ్రానీ నన్ను తిట్టలేదు. ఎందుకు చింపావని అడిగింది. ఏడుస్తూ చెప్పాను, "అదే ఎక్కువ ఆప్యాయంగా ఉంటుందని రాశావుగా!"

ఆవిడ ఆ ముక్కలు పక్కపక్కన పెట్టి, నేను చదవని మొదటి మాట మీద వేలుంచింది. "ఇది 'కలీనీ'. అమ్మాయిలు అని. ఒక్కరైతే క్యానూల్. ఇద్దరైతే క్యానూల. 'ఎక్కువ' అనాలంటే ముందు 'నీస్' ఉండాలి. ఉందా?"

లేదు. నాచేతే టేప్ అంటించి, ఆ అతుకుల ఫొటోనే కవర్‌లో పెట్టింది.

నా అసూయ ఆరోజుతో పోలేదు. ఇప్పటికీ ఆఫీస్ మెయిల్‌లో ఇంకొకరి పేరు ముందు కనిపిస్తే ఒళ్ళు మండుతుంది. అప్పుడు మొదటినుంచీ మళ్ళీ చదువుతాను. కొన్నిసార్లు అందులో నేనూ ఉంటాను. కొన్నిసార్లు నిజంగానే ఉండను. అయినా చింపను.