నాయన అరవలేదు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. పుచ్చిన పన్నును పీకేయకుండా బాగుచేసి నిలబెట్టే పని నేర్చుకోవాలని నంద్యాలలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర చేరాను. పీకిన పళ్ళను సుద్దముద్దలో గుచ్చి, కాలితో తొక్కితే తిరిగే యంత్రంతో తొలిచి, ఆ గుంటలో వెండిపొడీ పాదరసం కలిపిన ముద్ద కూరేదాన్ని. ఆ పళ్ళకు నొప్పి లేదు, నాకు భయమూ లేదు.

మనిషి నోరు తెరిచి అబ్బా అన్నాడంటే మాత్రం భయమేసేది. పని మధ్యలోనే లేచి వచ్చేసేదాన్ని. డాక్టరుగారికి మొహమాటం తెలియదు.

"మత్తుసూది పీకేటప్పుడే. తొలిచేటప్పుడు రోగి అబ్బా అంటాడు. అన్న చోట ఆగు, నరం దగ్గరున్నట్టు. ఈసారి గూడా లేచొస్తే ఇంటికి పో," అన్నారు.

మా ఊరు ఆళ్ళగడ్డకు పోయినప్పుడు ఈ మాట నాయనకు చెప్పి ఏడ్చాను. తర్వాతి వారమే ఆయన బస్సు దిగి నేరుగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"నాకూ ఒక దవడపన్ను పుచ్చిండాది. నువ్వే చెయ్యమ్మా."

యంత్రం తొక్కాను. నాయన అబ్బా అనలేదు. ఇంకొంచెం తొలిచాను. అప్పుడూ అనలేదు. అరిస్తే భయపడతాననుకున్నదాన్ని, అరవకపోయేసరికి ఎక్కడ ఆగాలో తెలియక ఇంకా భయపడ్డాను.

"నొస్తాండాదా నాయనా?"

కానీమన్నట్టు చెయ్యి ఊపాడు. మా వైపు మగవాళ్ళు కాల్లో తుమ్మముల్లు విరిగినా నలుగురిలో నోరెత్తరు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే, ఆ వేళ నాకు తట్టలేదు.

గుంట అడుగున ఎర్రటి చుక్క లేచింది. యంత్రం ఆపేశాను. అప్పుడు కనిపించాయి నాయన కాళ్ళు. బొటనవేళ్ళు రెండూ మెలిపడి బిగుసుకున్నాయి.

"నరం బయటపడింది. ఇంక నిలవదు," అని డాక్టరుగారు సూది వేసి ఆ పన్ను పీకేశారు.

"ఒక్క మాట అనకూడదా నాయనా?" అన్నాను ఏడుస్తూ.

నాయన దూది నొక్కిపట్టుకుని, "నేనరిస్తే నువ్వు లేచిపోతావని..." అన్నాడు.

డాక్టరుగారు విననట్టే చేతులు కడుక్కుని, "పుచ్చుపన్నుతో బయట కూర్చున్న ఆ గోస్పాడు ఊరాయన్ను పిలువు. నువ్వే చెయ్యాల," అన్నారు.

ఆయన కుర్చీలో కూర్చోగానే దండం పెట్టాను. "అప్పా, నొస్తే దాచుకోవద్దు. గట్టిగా అరువు."

యంత్రం తాకీతాకగానే ఆయన వీధిలోకి వినపడేలా కేక పెట్టాడు. నా కాలు ఆగింది. ఎక్కడ ఆగాలో చెప్పిన ఆ కేకతో నా భయం సగం దిగిపోయింది, ఆ చోటు తప్పించి మళ్ళీ తొక్కాను.