మచ్చ నడిచిన రోజు

ఇరవై ఆరేళ్లుగా ఆయన ఊరూరా తిరిగి జనానికి ఆకాశం చూపిస్తున్నాడు. ఇరవై ఆరేళ్లుగా జనం ఆయనకి అరచెయ్యి చూపిస్తున్నారు, "మావాడికి ఉద్యోగం ఎప్పుడొస్తుందో కాస్త చూసిపెడుదురూ" అని. మొదట్లో ఓపిగ్గా కూర్చోబెట్టి, ఖగోళ శాస్త్రం వేరు, జాతకాలు వేరు అని చెప్పేవాడు. కొన్నేళ్లకు నవ్వి ఊరుకునేవాడు. ఈమధ్య "తొందర్లోనే వస్తుందమ్మా" అనేసి సామాను సర్దుకుంటున్నాడు. మనిషి అలిసిపోయాడనడానికి అంతకంటే గుర్తేం కావాలి?

వయసులో ఉండగా ఏడేళ్లపాటు ఒక మసక చుక్క వెంట పడ్డాడాయన. దాని వెలుగు పెరగడం, తగ్గడం లెక్కగట్టి ఒక వ్యాసం రాశాడు. దాన్ని చదివినవాళ్లు ఒక చేతి వేళ్లకు సరిపోతారు, వాళ్లలో అచ్చుతప్పులు దిద్దినాయన ఒకడు. ఆ చుక్కకు పేరు లేదు, ఉత్త అంకె. సొంత ఫోన్ నంబరుకి తడుముకునే మనిషి ఆ అంకెను మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అంతలో పరిశోధనశాల పెద్దలు, "నీకు మాట్లాడటం వచ్చు, రెండేళ్లు బళ్లకు వెళ్లి పిల్లలకు చెప్పిరా" అన్నారు. ఆ రెండేళ్లు ఇంకా పూర్తి కాలేదు.

ఆయన సరంజామా ఒక వ్యానుకి సరిపోతుంది. చేతి పొడవు టెలిస్కోపు, దాని మూతికి ఎండ తగ్గించే వెండిరంగు ఫిల్టరు, మూడు కాళ్ల స్టాండు, కన్ను ఆనించే ఐపీసుల డబ్బా, గుండ్రని గీత అచ్చువేసిన కాగితాల కట్ట. ఆ గుండ్రమే సూర్యుడు. పిల్లలు వరసగా వచ్చి చూడాలి, చూసినదాన్ని అందులో గీయాలి. ఆయన పెట్టే షరతు ఒక్కటే: "చూసిందే గీయండి. తెలిసింది గీయొద్దు."

అయితే సూర్యుడికీ మంచి ఏళ్లు, చెడ్డ ఏళ్లు ఉంటాయి. కొన్నేళ్లు ఒంటినిండా మచ్చలే. కొన్నేళ్లు కడిగిన కంచంలా ఉంటాడు. ఆ ఏడాది రెండో రకం. మూడు వారాలుగా ఏ బడికి వెళ్లినా పిల్లలు ఒక కన్ను మూసి, రెండో కన్ను పెట్టి, తల ఎత్తి ఒకే మాట అనేవారు. "ఇంతేనా?"

ఆఫీసులో అధికారి ఆ మాటే ఇంకోలా అన్నాడు. "ఒక్క బడి నుంచైనా మంచి ఉత్తరం, పిల్లల బొమ్మలు తెండి. లేదంటే వచ్చే నెల నుంచి వ్యాను ఆపేద్దాం. వీడియోలు పంపితే సరిపోతుంది. మీకూ మోకాళ్లు నొప్పి కదా."

మోకాళ్ల నొప్పి నిజమే. అందుకే ఆ మాట మరీ మంటపుట్టించింది.

మర్నాడు పొద్దున బడి ఆవరణలో టెలిస్కోపు నిలబెడుతుంటే డ్రైవరు అడిగాడు. "సారూ, ఇవాళైనా సరుకుందా?"

ఆయన కన్ను పెట్టాడు. మధ్యకు కాస్త కిందగా, నల్లగా, ముద్దుగా ఒక మచ్చ. ప్రాణం లేచొచ్చింది.

"ఉంది తమ్ముడూ! ఒక్కటే, కానీ నాణ్యమైనది."

ఇక్కడ ఆయన చేయాల్సిన పని ఒకటుంది. గొట్టాన్ని వేలితో కొద్దిగా తట్టాలి. మచ్చ సూర్యుడితోపాటు కదిలితే సూర్యుడిది. సూర్యుడు పక్కకు జరిగి మచ్చ ఉన్నచోటే ఉండిపోతే, అది అద్దం మీది దుమ్ము. ఎంతమంది టీచర్లకు నేర్పించాడో ఈ చిట్కా! ఆరోజు తట్టలేదు. మరిచిపోయాడని చెప్పుకోవచ్చు. కానీ మూడు వారాల తర్వాత దొరికినదాన్ని తట్టి చూడబుద్ధి కాలేదన్నది అసలు సంగతి.

రెండొందల పద్నాలుగు మంది పిల్లలు. ఒక్కొక్కరికి పది అంకెలు లెక్కపెట్టేంత సేపు. భూమి తిరుగుతుంటుంది కాబట్టి సూర్యుడు గొట్టంలోంచి జారిపోతుంటాడు, నలుగురికోసారి మళ్లీ మధ్యకు తేవాలి. కాగితాల్లో మచ్చ ఒకరికి నడిమధ్య, ఒకరికి అంచున పడింది. పిల్లల చేతులు కదా అనుకున్నాడు. "ఇంతేనా" అని ఒక్కరూ అనలేదు. హెడ్మాస్టరమ్మ ఆనందం పట్టలేక అప్పటికప్పుడు ఉత్తరం రాసిచ్చింది.

చివర్లో ఒక రెండు జడల పిల్ల మిగిలింది. భోజనం గంట కొట్టడంతో మిగతావాళ్లు పరుగెత్తారు. వెనక తోసేవాళ్లు లేరు, ఆయన కూడా పెట్టె మీద కూలబడి మోకాలు నొక్కుకుంటున్నాడు. ఆ పిల్ల తీరిగ్గా చూస్తూ, మధ్యమధ్య కాగితం మీద చుక్కలు పెట్టింది.

"సార్, మచ్చ నడుస్తోంది."

"మచ్చలు అలా నడవవమ్మా. ఈ అంచు నుంచి ఆ అంచుకి పోవాలంటే రెండు వారాలు పడుతుంది. నీ తల కదిలుంటుంది."

"నేను కదల్లేదు సార్."

"కదిలావులే. అన్ని చుక్కలెందుకు? చెరిపేసి ఒక్కటి పెట్టు."

పిల్ల చెరిపింది.

సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల మీద కాగితాలు సర్దుతున్నది ఆయన భార్య. ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఆమె కంటికి ఏదీ అంత తేలిగ్గా తప్పదు.

"ఏమండీ, ఇదేంటి? చీమలబారులా ఉంది."

పెన్సిలు గట్టిగా నొక్కి గీసిన కాగితం. చెరిపినా, దీపం కింద ఏటవాలుగా పెడితే అయిదు చుక్కలు వరసగా కనిపిస్తున్నాయి. ఆయన జరిగింది చెప్పాడు.

"కదల్లేదని ఆ పిల్ల చెబుతుంటే కదిలావన్నారా?"

"మచ్చ నడవదే!"

"మా వార్డులో ఒక డాక్టరుండేవాడు. నొప్పి ఎడమ పక్కనంటే, కాదు కుడిపక్కే అని రోగినే దబాయించేవాడు."

ఆయన లేచి డబ్బా తెరిచి, ఐపీసును దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. లోపలి అద్దం మీద జేబురుమాలు తాలూకు నూలుపోగు, ఉండచుట్టుకుని ఉంది. ముందురోజు తనే తుడిచాడు.

పూర్వం సూర్యుడి మీద మచ్చను తొలిసారి చూసినవాళ్లలో కొందరు ముందు తమ అద్దాల్నే అనుమానించారట. గొట్టం తిప్పి, మార్చి, తుడిచి, అప్పుడుగానీ నమ్మలేదు. ఈ కథను ఆయన ప్రతి బడిలోనూ చెప్పేవాడు. ఆ పొద్దున కూడా చెప్పాడు. అది గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు బడికి వెళ్లి హెడ్మాస్టరమ్మ బల్ల మీద ఉత్తరం పెట్టాడు.

"ఇది తిరిగి తీసుకోండమ్మా. నిన్న మీ పిల్లలకి నా జేబురుమాలు చూపించాను."

ఆమెకు అర్థమవడానికి కొంతసేపు పట్టింది. అయ్యాక తలుపు దగ్గరగా వేసింది.

"పోనీండి సార్. పిల్లలు సంతోషపడ్డారు. మీ వ్యాను సంగతి కూడా విన్నాను. ఇది ఇంకెవరికీ తెలీదు కదా?"

"ఒకమ్మాయికి తెలుసండీ."

మళ్లీ వరస. మొదటి గంటంతా పాత ఐపీసు పెట్టి, గొట్టం తట్టి, మచ్చ ఎలా వెనకబడిపోతుందో చూపించాడు. "తప్పు నాది" అని మైకులో చెప్పాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత పోగు తీసేసి, కొత్త కాగితాలు పంచాడు. సూర్యుడు కడిగిన కంచంలా ఉన్నాడు. "ఇంతేనా" మళ్లీ మొదలైంది.

రెండు జడల పిల్ల వంతు వచ్చినప్పుడు ఆయన అంకెలు లెక్కపెట్టలేదు. చూసినంత సేపు చూసి తల ఎత్తింది.

"ఏమీ లేదు సార్."

సరిగ్గా చూశావా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"అయితే అలాగే ఇవ్వమ్మా."

కాగితం ఇచ్చి కూడా అక్కడే నిలబడింది. "నిన్న నా తల కదల్లేదు కదా సార్?"

"కదల్లేదమ్మా."

పిల్ల వెళ్లిపోయింది.

సోమవారం అధికారి ఫోను చేశాడు. "రెండొందల పద్నాలుగు సున్నాలు పంపించారేమిటండీ?"

"ఆరోజు సూర్యుడు అలాగే ఉన్నాడండీ."

"వీటిని పైవాళ్లకి ఏమని చూపించను? వ్యాను ఈ నెలాఖరు వరకే. నేనేం చేయలేను."

ఆయన గోడ మీది క్యాలెండరు చూశాడు. "ఆలోగా ఇంకా తొమ్మిది బళ్లున్నాయండీ" అని ఫోను పెట్టేశాడు. జేబురుమాలు ఇంట్లోనే వదిలి, డబ్బా చంకన పెట్టుకుని, ఒక్కో మెట్టుకీ ఆగుతూ కిందికి దిగాడు.

ఆ తొమ్మిదిలో మొదటి బడిలో గొట్టం నిలబెట్టి, కన్ను పెట్టి, వేలితో తట్టాడు. మళ్లీ తట్టాడు.

"సారూ, సరుకుందా?" అన్నాడు డ్రైవరు.

"లేదు తమ్ముడూ. పిల్లల్ని రమ్మను."