శుక్రవారం తెల్లారి ఇస్తానన్న కారు

ఈ పత్రికలో హైదరాబాదు యాత్ర మీద ఇంతవరకు ఎన్నో వ్యాసాలు వచ్చాయి. చార్మినారు చూసినవారున్నారు, గోల్కొండ ఎక్కినవారున్నారు. బాలానగర్ వెళ్లినవారు ఒక్కరూ లేరు. నేను వెళ్లాను. ఆ సంగతి రాసి పంపితే అచ్చు వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదని ఉత్తరం రాస్తే జవాబు లేదు. జవాబుకి కార్డు కూడా జతపరిచాను. అందుకని మళ్లీ మొదటినుంచి రాస్తున్నాను, ఈసారి కొంచెం పొడుగ్గా.

నేను ఏలూరులో ప్లీడరుని. నాకొక పాత ఇటలీ కారు ఉంది. నాలుగు తలుపులతో సంసారపక్షంగా కనిపిస్తుంది గాని, ఇంజను మాత్రం పందేల కారుది. హైదరాబాదులో ఒక నవాబుగారి వారసులు అమ్ముతుంటే కొన్నాను. దానికి రెండు కార్బురేటర్లు. రెండూ సమానంగా గాలి పీల్చాలి. ఏ ఒక్కటి తగ్గినా, తోడల్లుళ్లలాగా ఒకదాన్ని చూసి ఒకటి దగ్గుకుంటూ నిలబడిపోతాయి.

తోడల్లుళ్ల మాట ఊరికే రాలేదు. మా తోడల్లుడు సుబ్బారావుకి అంబాసిడరు ఉంది. మా అత్తవారింట్లో వ్రతం జరుగుతుండగా, పదిమందిలో, "అన్నయ్యగారూ, మీ కారులో కోళ్లు పొదిగిస్తున్నారటగా? గుడ్లు ఎలా ఇస్తున్నారేమిటి?" అన్నాడు. ఎక్కింది ఒక్క కోడి, ఒక్కసారి. అదీ పక్కింటివాళ్లది. నేను మరిచిపోలేదు. ఆ సుబ్బారావు కూతురి పెళ్లి బెజవాడలో కుదిరితే, పెళ్లికొడుకుని విడిది నుంచి మండపానికి నా కారులోనే తెస్తానని అందరి ముందూ చెప్పేశాను. "మీది రాకపోయినా మన అంబాసిడరు ఉందిలెండి" అన్నాడు. ఆ 'లెండి' ఇంకా నా చెవిలో ఉంది.

మా ఊళ్లో కారు సర్వీసు అంటే తలంటు పోయడం. ఎప్పుడు సర్వీసు చెయ్యమన్నా నీళ్లు కొట్టి, తుడిచి, పంపేవారు. చివరికి లారీ మీదెక్కించి బాలానగర్‌లో యాదగిరి అనే మెకానిక్కుకి అప్పగించాను. ఫ్యాక్టరీల మధ్య రేకుల షెడ్డు అతనిది. ఒక రబ్బరు గొట్టం తన చెవిలో పెట్టుకుని, రెండో కొస కార్బురేటరు మూతి దగ్గర పెట్టి, కళ్లు మూసుకుని విన్నాడు. "ఒకటి గురక వెడుతున్నది, ఒకటి మేలుకునున్నది" అన్నాడు. ఎప్పుడిస్తావంటే, "శుక్రారం తెల్లారి రాండ్రి సారూ, తయారుంటది" అన్నాడు. పెళ్లి శనివారం. శుక్రవారం తెల్లవారేసరికి కారు చేతికొస్తే శనివారం మధ్యాహ్నానికి బెజవాడ చేరడం ఒక లెక్కా అనుకున్నాను.

గురువారం సాయంత్రం రైలెక్కాను. ఎదురు సీట్లో విత్తనాల వ్యాపారి ఒకాయన. మాటల్లో నాకు కారుందని చెప్పాను.

"కారు పెట్టుకుని రైల్లో వెళ్తున్నారేమండీ?"

"ఆ కారు తెచ్చుకోడానికేనండి."

"మరి అది ఎలా వెళ్లింది?"

"లారీలో."

ఆయన అటు తిరిగి పడుకున్నాడు. ఆ తిరగడం కూడా ఒక అనడమే.

సికిందరాబాదులో పొద్దున్నే దిగితే స్టేషను ఎదురుగా ఇరానీ హోటల్లో టీ బాగుంటుంది. కూర్చున్నవాణ్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు, మనమే కేకెయ్యాలి. బాలానగర్ బస్సులో సీటు దొరకలేదు. షెడ్డుకి తాళం. పక్క లేతు దుకాణం ఆయన బీడీ ఆర్పకుండానే చెప్పాడు.

"యాదగిరి లేడు. అక్క కొడుకు లగ్గం. నానక్‌రామ్‌గూడ పోయిండు."

"నా కారో?"

"గది గూడ పోయింది లగ్గానికి."

అనుసరించదలచిన పాఠకులకు దారి చెబుతాను. బాలానగర్ నుంచి బొంబాయి రోడ్డు మీద లింగంపల్లి వెళ్లి, అక్కడ గోల్కొండ వైపు బస్సెక్కి గచ్చిబౌలిలో దిగి, నానక్‌రామ్‌గూడకి నడవాలి. బస్సు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. నేను దిగుతుంటే కండక్టరు, "గీడ దిగుతరా? గీడ ఏమున్నది సారూ?" అని జాలిపడ్డాడు. నిజంగానే ఏమీ లేదు. ఏనుగులంత బండరాళ్లు, సీతాఫలం పొదలు, మేకలు. ఈ బండల్లో ఎన్నటికైనా ఒక కాఫీ హోటలు వెలుస్తుందని నేననుకోను.

ఎండలో నడుస్తుండగా డప్పులు వినిపించాయి. డప్పుల మధ్య ఒక హారను. ఆ హారను నాది. మేకపిల్లకి జలుబు చేసినట్టుంటుంది, ఎక్కడైనా గుర్తుపడతాను. మలుపు తిరిగేసరికి బంతిపూల దండలతో నా కారు, వెనక సీట్లో బాసికంతో పెళ్లికొడుకు, పక్కన పెళ్లికూతురు, స్టీరింగు దగ్గర యాదగిరి.

"రాండ్రి సారూ, మంచి టైముకొచ్చిండ్రు!" అన్నాడు, నన్ను తనే పిలిచినట్టు.

"ఏమిటిది?"

"ట్రయల్ కొడుతున్న. ఉత్తగ తిప్పితే ఏం తెలుస్తది? మనుషులనెక్కిచ్చి, బరాత్ల నడిపిస్తె ఇంజను సంగతంత బయటవడ్తది."

"శుక్రవారం తెల్లారి ఇస్తానన్నావు కదయ్యా!"

"అన్న. ఇయ్యాల శుక్రారమే గద. ఇంక తెల్లారలే."

నెత్తిన ఎండ మండిపోతోంది. తెల్లారలేదట!

నేను ఊరుకుంటానా? చంకసంచీలోంచి సుబ్బారావు వేయించిన శుభలేఖ తీసి, మా పెళ్లి ఎంత దగ్గర్లో ఉందో తెలియాలని నడిదారిలో పైకి చదివాను. "శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం..." అనేసరికి వెనక సీట్లోంచి పెళ్లికొడుకు తల బయటపెట్టాడు.

"మీది శనారం తెల్లారితె ఆయితారమైతది గద, వకీలు సారూ? మా మామది శుక్రారం తెల్లారితె శనారం ఎందుకు గాదు?"

డప్పులవాళ్లు కూడా ఆగి నావైపు చూశారు. ఎన్నో ఏళ్లుగా కోర్టులో నిలబడుతున్నాను. అయినా శుభలేఖ మడిచి సంచీలో పెట్టేసుకున్నాను. అప్పుడు రాని జవాబులు తరవాత చాలా వచ్చాయి గాని, వాటిని వినేవారు లేరు.

ఇంతలో కారు దగ్గి, ఆగిపోయింది. ఊరేగింపు నడక వేగంలో ఇంజను కాగి, పెట్రోలు పంపులోనే ఆవిరైపోతోందట. యాదగిరి దిగి, పెళ్లికొడుకు భుజం మీది తువ్వాలు లాగి, ఊరేగింపులో ఒకావిడ మోస్తున్న నీళ్ల బిందెలో ముంచి పంపు మీద కప్పాడు. కాసేపటికి కారు మళ్లీ కదిలింది.

"చూసిండ్రా? ట్రయల్ కొట్టకపోతె మీ పెళ్లిల ఆగుతుండె. తడిగుడ్డ ఒకటి పెట్టుకోండ్రి, ఫికర్ చేయకుండ్రి."

ఆ రాత్రి పెళ్లివారింట్లోనే బస. భోజనం బాగుంది. అది కూడా నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే కడుపునిండా తిన్నవాడి కోపాన్ని ఎవరూ నమ్మరు. యాదగిరి అక్క రెండుసార్లు మారు వడ్డించి, "మా పోరనికి నీ బండి కలిసొచ్చింది బిడ్డా" అంది. మొహమాటపెట్టడం కూడా ఒక అన్యాయమే.

శనివారం వెలుగురేకలతోపాటు యాదగిరి తాళంచెవి చేతిలో పెట్టాడు. "శుక్రారం తెల్లారి అన్న. తెల్లారింది. తీస్కోండ్రి."

కారు మాత్రం అద్భుతంగా నడిచింది. సూర్యాపేటలో భోజనం, మధ్యాహ్నానికి కృష్ణ ఒడ్డు. సాయంత్రం పెళ్లికొడుకుని ఎక్కించుకుని, ముందు సన్నాయి, వెనక ఆడవాళ్లు, అడుగులో అడుగుగా బయల్దేరాను. సగం దూరంలో ఇంజను దగ్గింది. వెనక అంబాసిడరులోంచి సుబ్బారావు దిగి, నవ్వుకుంటూ రావడం అద్దంలో చూశాను. అతను వచ్చేలోపల బానెటు ఎత్తి, తడిగుడ్డ కప్పి, సన్నాయివాళ్లని ఇంకో కీర్తన ఎత్తుకోమన్నాను. కీర్తన సగంలో ఉండగా కారు కదిలింది. "ఎక్కండి మావగారూ" అని పెళ్లికొడుకు పిలిచేసరికి సుబ్బారావు నా పక్క సీట్లో ఎక్కక తప్పలేదు.

మండపం ముందు దిగుతూ సీటు సందులోంచి గుప్పెడు పసుపు బియ్యం తీశాడు.

"ఏమిటిది అన్నయ్యగారూ, తలంబ్రాలా? ముందే ఇంకో పెళ్లికొడుకుని దింపి వచ్చారా? పోన్లెండి, కోళ్లకన్నా నయం."

మళ్లీ 'లెండి'.

ఆదివారం మా ఆవిడా నేనూ అదే కారులో ఏలూరు వస్తుంటే దారంతా రెండు కార్బురేటర్లూ ఒక్క గొంతుతో పాడాయి. "బండి బాగుపడింది, పెళ్లికొడుకుని తెచ్చారు, ఇంకా ఎవరిమీదండీ మీ కోపం?" అంది. బాగుపడింది, నేను కాదన్నానా? ప్రశ్న వేరు. శుక్రవారం తెల్లారి అంటే శుక్రవారమా, శనివారమా? రేడియోవారిని అడిగాను, మా హైస్కూలు తెలుగు పండితుణ్ని అడిగాను, ఎవరూ పలకలేదు. యాదగిరికి ఉత్తరం రాస్తే, మళ్లీ ఎప్పుడు సర్వీసుకి తెస్తారని అడిగాడు.

సంపాదకులవారూ, ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. పత్రికలో అందరూ చూసేలా తేల్చిచెప్పండి. వచ్చే శుక్రవారం తెల్లారి మీ జవాబు నా చేతిలో ఉండాలి. అది ఏ రోజు అంటారా? అదే కదా నేను అడుగుతున్నది!