గంట దారి

తమన్‌రాసెట్ విమానాశ్రయంలో సామాన్లు మోసే బర్కాని, ఐన్ సాలా ఎంత దూరమని ఎవరడిగినా ఒకటే జవాబు. విమానంలో గంట, మూడో గ్లాసు టీ తాగేలోపు దిగిపోతావు అనేవాడు. గేటు ముందు బండ్లు పెట్టుకుని కాచుకునే డ్రైవర్లకి వినపడేలా మరీ అనేవాడు. అదే ఊరికి వాళ్లు రాళ్లలో, ఇసుకలో పగలంతా నడుము విరగ్గొట్టుకునేవారు. ఆ మాటకి అందరికీ ఒళ్లు మండేది. ఆ డ్రైవర్లలో హమ్మూ ఒక్కడే నవ్వి ఊరుకునేవాడు.

ఒక రోజు తెల్లారకముందే ఐన్ సాలా నుంచి బావ సాలెం ఫోన్ చేశాడు. అక్క ఖైరా పోయింది. తల్లి లేని బర్కాని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఎండలు మండిపోతున్నాయి, ఉంచలేం, సాయంత్రం అసర్ నమాజు కాగానే మట్టి చేస్తాం, సమాధిలోకి దించడానికి నువ్వుండాలి అన్నాడు బావ.

హమ్మూ అప్పుడే ఐన్ సాలాకి బయల్దేరుతున్నాడు. సంగతి విని బండి ఆపాడు.

"ఎక్కరా బర్కా. ఇప్పుడు కదిలితే అసర్‌కి అందుకుంటాం."

"నీ డొక్కు బండిలో ఎగిరెగిరి పడటం ఎందుకన్నా? పొద్దున్నే విమానం ఉంది. నీకంటే ముందు నేనే ఉంటా."

హమ్మూ బండి కదిలించుకుని వెళ్లిపోయాడు.

బర్కా ఉతికిన తెల్ల అంగీ వేసుకుని విమానం ఎక్కాడు. అందరూ ఎక్కారు. తలుపు మాత్రం మూయలేదు. ఐన్ సాలా మీదుగా రాజధానికి పోవాల్సిన పెద్దమనిషెవరో ఇంకా విందులో ఉన్నాడట, ఆయన రానిదే కదలదట. లోపల ఉక్క. పిల్లలు వాంతులు చేసుకుంటున్నారు, ఆ కంపులోనే అందరూ కూర్చున్నారు. మధ్యాహ్నం నమాజు వేళ దాటిపోయింది. బర్కా రెండుసార్లు వెళ్లి అడిగాడు. ఓపిక పట్టమన్నారు.

చివరికి పెద్దమనిషి పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు. వెనకాల అట్టపెట్టెలు, వాటి నిండా మేకమాంసం. మోసేవాళ్లు భోజనానికి పోయారని కూలీల మేస్త్రీ బర్కానే కిందికి పిలిచాడు.

"నువ్వు ఎటూ ఇక్కడే ఉన్నావుగా, ఓ చెయ్యి వెయ్యి. తొందరగా కదులుతుంది."

తొందర అన్న మాటకి బర్కా దిగాడు. మోశాడు. పెట్టెలు కారి, తెల్ల అంగీ రొమ్ము నుంచి మోకాళ్ల దాకా నెత్తురైంది. పెద్దమనిషి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని పక్కనుంచి ఎక్కిపోయాడు.

విమానం సరిగ్గా గంటలో దిగింది. ఎంత తొందరగా వచ్చేశామో అని ఎవరో మురిసిపోతుంటే బర్కా వాళ్లని తోసుకుని మెట్లు దిగాడు.

శ్మశానానికి పరిగెత్తేసరికి మట్టి చదును చేసి ఉంది. జనం వెళ్లిపోయారు. ఒళ్లంతా దుమ్ముతో హమ్మూ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"నీ తరఫున నేనే దించానురా."

బర్కా నమాజుకి నిలబడబోయి ఆగిపోయాడు. ఆ నెత్తుటి బట్టతో నమాజు చెల్లదు. హమ్మూ తన దుమ్ము అంగీ విప్పి ఇచ్చి, బనీనుతో పక్కకి జరిగాడు.

తిరుగు ప్రయాణం ఆ డొక్కు బండిలోనే. బర్కా ఇప్పటికీ అక్కడే మూటలు మోస్తున్నాడు. ఐన్ సాలా ఎంతసేపని ఎవరైనా అడిగితే మాత్రం, పక్కకి తిరిగి ఉమ్మి, "నన్ను కాదు, తింటున్నవాణ్ణి అడుగు" అంటాడు.