వెర్నా కథ కట్టని అంకె

లాస్ వేగాస్‌లో, ఫ్రీమాంట్ వీధికి రెండు సందుల అవతల, టిన్ లాంతర్ అని ఒక పాత కేసినో ఉంది. అందులో మిగిలిన ఒకే ఒక్క పాచికల బల్ల దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్లు కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి వెర్నా టటిల్. కొన వంగిన ఆ సన్నటి కర్రతో పాచికల్ని ఆడేవాడి ముందుకి తోస్తుంది, పడ్డాక లాక్కుంటుంది, పడ్డ అంకెని హాలంతా వినపడేలా కేకేసి చెబుతుంది. ఆ కేకలు వినడానికే పంతొమ్మిదేళ్లపాటు ప్రతి ఆదివారం నేనక్కడికి వెళ్లాను. డబ్బు మీద ఆశతో అనుకునేరు. జూదంలో నా అంత దరిద్రుడు నెవాడా రాష్ట్రం మొత్తంలో దొరకడు.

నా పేరు గస్ పెట్రాకిస్, సిటీ బస్సు నడిపి రిటైరయ్యాను. మా ఆటలో సూత్రం ఒక్కటే. మొదట ఒక అంకె పడుతుంది, అదే అంకె మళ్లీ పడేదాకా విసురుతూనే ఉండాలి. ఈలోగా ఏడు పడిందంటే బల్ల చుట్టూ ఉన్నవాళ్ల పందేలన్నీ కేసినో ఊడ్చేసుకుంటుంది, పాచికలు పక్కవాడి చేతికి పోతాయి. అందుకే ఆ అంకె పేరు బల్ల దగ్గర ఎవరూ ఎత్తరు. ఎత్తితే వచ్చి కూర్చుంటుందని భయం. నా చేతిలో మాత్రం ఎవరూ పిలవకుండానే మూడో విసురుకో నాలుగో విసురుకో వచ్చి వాలేది. నా చెయ్యి తగిలితే బల్ల చల్లబడిపోతుందని నాకు ఫ్రిజ్ అని పేరు పెట్టారు. పెట్టింది లూథర్, వెస్ట్‌సైడ్‌లో సెలూన్ నడిపి మానేసిన పెద్దాయన. నా వంతు రాగానే పనిగట్టుకుని స్వెటర్ వేసుకునేవాడు.

వెర్నా తన గురించి కూర్చుని చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఆమె బతుకంతా ఆ కేకల్లోనే ఉంది. ఆరు పడితే, "ఆరు, మా ఈలీలో చలికాలం నెలలు!" అంటుంది. ఈలీ ఆమె పుట్టిన రాగి గనుల ఊరు. తొమ్మిది పడితే, "తొమ్మిది, మా అమ్మ కన్న పిల్లలు!" ఐదు పడితే, "ఐదు, గని మా నాన్నకి మిగిల్చిన వేళ్లు!" పది ఆమె పెళ్లి నిలిచిన నెలలు. ఎనిమిది ఆమె చదువు ఆపేసిన తరగతి. నాలుగు పడ్డప్పుడు మాత్రం మొగుడి అబద్ధాల్లోంచి రోజుకొకటి తీసి వినిపించేది, ఏ ఒక్కటీ రెండోసారి వచ్చేది కాదు. కొత్తవాళ్లు మొదట తెల్లబోయేవాళ్లు, పది నిమిషాలయ్యేసరికి ఆమెతో గొంతు కలిపేవాళ్లు. ఏడుకి మాత్రం ఆమె ఏ కథా కట్టలేదు. "అవుట్" అని పొడిగా అనేసి కర్ర చాపి పాచికలు లాగేసుకునేది.

ఇక ఈ ఊరికి ఏమొచ్చిందో చెప్పాలంటే నాకు ఒళ్లు మండుతుంది. పెద్ద హోటళ్లలో ఐదు డాలర్ల బల్ల అన్న మాట చచ్చిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు పాతికకి తక్కువైతే నీ మొహం వంక కూడా చూడరు. కారు ఆపితే డబ్బులు, కుర్చీలో కూలబడితే డబ్బులు. ఉచితంగా పోసే మందు కూడా నువ్వు చాలినంత ఆడావని యంత్రం మీద పచ్చ దీపం వెలిగితేనే పోస్తారు. బల్లల స్థానంలో గాజు బుడగలొచ్చాయి. బుడగలో రెండు బండ పాచికలుంటాయి, చుట్టూ పది తెరలుంటాయి, మీట నొక్కితే అవి పేలాల్లా ఎగిరిపడతాయి. చెయ్యి అక్కర్లేదు, కర్ర అక్కర్లేదు, పక్కవాడితో మాట అక్కర్లేదు. కుర్రకారుకి అదే బాగుందిట. తప్పు చేస్తే నలుగురూ నవ్వరు, రెండు డాలర్లతో కూడా ఆడొచ్చు అంటారు. ఒప్పుకోక తప్పదు, అందులో సబబుంది. అయినా నాకు కోపం తగ్గదు.

కిందటి మార్చిలో టిన్ లాంతర్‌కీ ఆ బుడగ వస్తోందని తెలిసింది. మేనేజరు హాల్వర్‌సన్ చెడ్డవాడేం కాదు. పైవాళ్లతో మాట్లాడి మూడు నెలల గడువు తెచ్చాడు. గడువు ముగిసే ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి బల్ల లాభంలో ఉంటే ఉంటుంది, నష్టంలో ఉంటే బుధవారానికి బుడగ దిగుతుంది. వెర్నా ఆ మాట మాకు చెప్పింది గానీ దిగులుపడుతున్నట్టు కనపడనివ్వలేదు. ఆ మూడు నెలలూ పదకొండింటికి కొత్తవాళ్లకి ఉచితంగా ఆట నేర్పే పాఠం ఒక్కరోజు మానలేదు. బస్సు దిగిన ప్రతి టూరిస్టునీ చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకొచ్చేది.

ఆఖరి ఆదివారం పన్నెండింటికి బల్ల కాస్త లాభంలోనే ఉంది. ఇంకో నాలుగు గంటలు మామూలుగా గడిస్తే చాలు. రెండు దాటాక పాచికలు నా ముందుకి వచ్చినప్పుడు వెర్నా మొహం వెలిగిపోయింది.

"వచ్చావా నాయనా. ఇవాళ నిన్ను నమ్ముకునే ఉన్నాను. నీ అలవాటు తప్పకు."

అందరూ ఘొల్లుమన్నారు. లూథర్ స్వెటర్ గుండీలు పెట్టుకున్నాడు. నేనూ నవ్వుతూనే విసిరాను. ఆరు పడింది. చలికాలం నెలలు. నాలుగు విసుర్ల తర్వాత మళ్లీ ఆరు. అందరూ గెలిచారు. తర్వాత ఎనిమిది పడింది, కాసేపటికి మళ్లీ ఎనిమిది. ఐదు, మళ్లీ ఐదు. పావుగంట అయ్యేసరికి లూథర్ స్వెటర్ విప్పి భుజాన వేసుకున్నాడు. పంతొమ్మిదేళ్లలో నా చేతిలో పాచికలు అంతసేపు బతకలేదు. నా కాళ్లు నేల మీద ఆగడం లేదు. బస్సు స్టీరింగు తిప్పి తిప్పి కాయలు కాసిన ఈ చేతిలో ఇంత అదృష్టం ఎక్కడ దాక్కుందో నాకే అర్థం కాలేదు.

అప్పుడు బల్లకి అవతల కూర్చున్న ఆయన ముందు పందెం బిళ్లల దొంతరల మీద నా చూపు పడింది. కేసినో తరఫున లెక్క చూసే మనిషి ఆయన. దొంతరలు సగానికి దిగిపోయాయి. ఆ బిళ్లలన్నీ మా ముందున్నాయి. నేను గెలుస్తున్న కొద్దీ వెర్నా బల్ల మునుగుతోంది.

దాంతో ఓడిపోవడానికి నానా తంటాలు పడ్డాను. మా ఆటలో అపశకునాలకి కొదవ లేదు, ఒక్కొక్కటే బయటికి తీశాను. ఒక పాచికని కావాలని బల్ల అవతల పడేశాను. పడ్డ పాచికే తిరిగి కావాలని ఎవడైనా అడుగుతాడు, నేను కొత్తది అడిగాను. విసిరితే తొమ్మిది పడింది. అప్పుడు మాకు కావలసిందీ తొమ్మిదే, అందరూ గెలిచారు. విసిరేటప్పుడు పక్కావిడ చేతికి తగిలేలా విసిరాను. పది పడింది. ఇంకో విసురుకి మళ్లీ పది. అప్పటికి స్లాట్ మెషిన్ల దగ్గరి ముసలమ్మలంతా లేచి వచ్చేశారు. పెళ్లికి ముందు సరదాకి వచ్చిన అమ్మాయిల గుంపు ఒకటి బల్లకి అటువైపు గెంతులేస్తోంది. ఇక లాభం లేదనుకుని, పాచికలు గుప్పిట్లో పట్టుకుని, అందరూ వినేలా ఆ మాట అనేశాను.

"ఏడు. ఏడు రావాలి. రా ఏడూ, రా."

బస్సు నడిపిన ముప్ఫై ఏళ్లలో నన్ను అంత మంది ఒకేసారి అలా చూడలేదు. లూథర్ కళ్లు మూసుకున్నాడు. విసిరాను. నాలుగు. మాకు కావలసిన అంకె నాలుగే.

ఆ తర్వాత లేచిన కేకకి పైకప్పు లేచిపోయిందనుకున్నాను. అందులో వెర్నా గొంతు మాత్రం లేదు. మొగుడి అబద్ధం చెప్పనేలేదు. కర్ర పాచికల మీద అలాగే ఆనించి ఉంచి నావైపు వంగింది.

"ఏం చేస్తున్నావు గస్?"

పాచికలు పక్కాయనకి ఇచ్చేస్తాను, నాకు ఓపిక లేదు అన్నాను. అలా ఇచ్చేసే హక్కు ఆడేవాడికి ఉంది.

"ఓపిక లేదా, నా మీద జాలా?"

నేను దొంతరల వైపు చూశాను. ఆమె చూడలేదు. ఆమెకు చూడకుండానే తెలుసు.

"విను. ముప్ఫై ఒక్క ఏళ్లలో నా బల్ల దగ్గర ఓడిపోవాలని విసిరిన మనిషి లేడు. మొదటివాడివి నువ్వు కాకు. ఇలాంటి చెయ్యి కోసం నేను ఎన్నాళ్లు నిలబడ్డానో నీకు తెలుసా? అది నీకొచ్చింది, నీలాంటి దరిద్రుడికి. విసరవయ్యా సరిగ్గా. బల్ల అవతలి గోడకి తగలాలి."

కర్రతో పాచికల్ని నా ముందుకి తోసింది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. నా మీద కోపమేమో అనుకున్నాను, కాదు, ఆమె నాకన్నా ఎక్కువ సంబరంలో ఉంది. అది చూశాక నేనింక వెనక్కి తగ్గలేదు.

ఆ తర్వాత ఎంత విసిరానో సరిగ్గా చెప్పలేను. ప్రతిసారీ గోడకి తగిలేలా, పాచికలు దొర్లేలా, మనసారా విసిరాను. వెర్నా ఈలీ చలికాలాన్నీ, తల్లి కాన్పుల్నీ, తండ్రి వేళ్లనీ, పదినెలల పెళ్లినీ ఏకరువు పెట్టింది. అంకె పడీపడగానే జనమంతా ఆమె మాటని ఆమెకన్నా ముందే అరిచేస్తున్నారు. అంతకుముందు ఆమె పేరు కూడా తెలియని మనుషులు "మా అమ్మ కన్న పిల్లలు!" అని గొంతు చించుకుంటున్నారు. లూథర్ నన్ను వాటేసుకుని బుగ్గ మీద ముద్దు పెట్టాడు. హాల్వర్‌సన్ ఆఫీసులోంచి వచ్చి కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. కేసినోకి ఎంత పోతోందో ఆయనకే బాగా తెలుసు, అయినా చప్పట్లు కొట్టకుండా ఉండలేకపోయాడు. బతుకులో ఇంత ఆనందం నేను మా ఆవిడ పెళ్లికి ఒప్పుకున్న రోజు కూడా పడలేదు. ఈ మాట ఆవిడకి చెప్పకండి.

నాలుగింటికి పది నిమిషాలుండగా ఏడు పడింది. మొత్తం గంటా ఇరవై నిమిషాలు. వెర్నా "అవుట్" అనలేదు. కర్ర పక్కన పెట్టి ముందుగా తనే చప్పట్లు మొదలుపెట్టింది, తర్వాత హాలంతా అందుకుంది. నాలుగు కొట్టాక రెండు చేతులూ ఒకసారి తట్టి, ఏమీ దాచుకోలేదని అరచేతులు తిప్పి చూపించి, బల్ల దగ్గర నుంచి తప్పుకుంది. రోజూ డ్యూటీ దిగేటప్పుడు చేసే పనే అది.

బల్ల నష్టంలో ముగిసింది. నా గెలుపుతో నా పాత ట్రక్కుకి నాలుగు టైర్లొచ్చాయి. కర్రని హాల్వర్‌సన్ ఆమెకే ఇచ్చేశాడు. సోఫా కిందికి దూరిన పిల్లిని బయటికి లాగడానికి పనికొస్తోందని ఆమె చెప్పింది. బుధవారం బుడగ దిగింది. దాని పక్కన నిలబడి తెరలు తుడవడం, తెలియనివాళ్లకి చూపించడం వెర్నా కొత్త ఉద్యోగం.

నేను రెండు వారాలు మొహం చెల్లక వెళ్లలేదు. మూడో ఆదివారం లూథర్ నన్ను చెవి పట్టి లాక్కెళ్లినంత పని చేశాడు. బుడగ చుట్టూ ఎనిమిది మంది కుర్రవాళ్లు, ఎవరి తెర వాళ్లది, ఎవరి గొడవ వాళ్లది. యంత్రంలోంచి ఒక ఆడగొంతు అంకెలు అప్పజెబుతోంది. తెర తుడిచే గుడ్డ భుజాన వేసుకుని వెర్నా పక్కన నిలబడి ఉంది. పాచికలు ఎగిరి తొమ్మిది పడింది.

"తొమ్మిది, మా అమ్మ కన్న పిల్లలు!"

అది ఆమె ఉద్యోగం కాదు. ఎవరూ అడగలేదు. ఎనిమిది తలలూ ఒక్కసారి లేచాయి. ముక్కుకి పోగు పెట్టుకున్న ఒకమ్మాయి ఫక్కున నవ్వి, మరి ఆరుకో అంది. చెప్పింది. ఐదుకో అన్నాడు ఇంకొకడు. చెప్పింది. నవ్వులాట మొదలైంది, అంకె పడగానే అందరూ ఆమె మొహం చూస్తున్నారు. నేను ఖాళీగా ఉన్న తెర ముందు కూర్చున్నాను. వెర్నా నన్ను చూసింది, చూడనట్టు ఉంది.

నా వంతు వచ్చి మీట నొక్కాను. మూడో విసురుకి ఏడు పడింది. అందరి పందేలూ పోయాయి.

"మరి దీనికేం కథ?" అని అడిగింది ఆ అమ్మాయి.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా "అవుట్" అన్న వెర్నా గుడ్డని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

"ఏడు," అంది హాలంతా వినపడేలా, "ఒక వెర్రిబాగులాడు నా కోసం గంటా ఇరవై నిమిషాలు బతిమాలినా రానిది!"

అది ఎవరని ఆ పిల్ల అడిగింది. వెర్నా నావైపు చూపించలేదు. నేను తెర మీద ఇంకో ఐదు డాలర్లు పెట్టాను.