గేటు తీసిన మధ్యాహ్నం

పోయిన వారం కంటి డాక్టరు దగ్గర చుక్కలు వేసి, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోమంటే వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. గోడ మీద టీవీలో వార్తలు వస్తున్నాయి. కళ్ళు మూసుకున్నా చెవులు ఊరుకోవు కదా. ప్రపంచ దేశాలన్నీ కలిసి పెట్టుకున్న ఆ పెద్ద సమితిలో యుద్ధం ఆపమని ఒక తీర్మానం పెట్టారనీ, భద్రత సంగతి చూసే మండలిలో మిగిలినవాళ్ళంతా సరేనంటే ఒక్క పెద్ద దేశం కాదన్నదనీ, ఆ ఒక్క మాటతో తీర్మానం అక్కడే ఆగిపోయిందనీ చదివారు. చదివిన అమ్మాయి ఎక్కడా తడబడలేదు, ఆ వెంటనే బంగారం ధరల్లోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ మూసిన కళ్ళతోనే లేచి నిలబడిపోయాను. పక్కనున్న ఛత్తీస్‌గఢీ ఆవిడ కంగారుపడి నా చెయ్యి పట్టుకుని, "కా హోగిస్ దీదీ?" అంది. ఏమైందని చెప్పను? ఏమీ లేదమ్మా అని కూర్చున్నాను గాని, డాక్టరు పిలిచేదాకా లేస్తూ కూర్చుంటూనే ఉన్నాను. ఇలా కుదురుగా కూర్చోలేని జబ్బు మా బావకుండేది. ఆయన దగ్గర్నుంచే నాకు అంటుకుందని నా అనుమానం.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి భిలాయి ఉక్కు ప్లాంటులో ఫిట్టరుగా చేరిన తొలి తరం మనిషి. మేము పెరిగింది మరోదా క్వార్టర్లలో. ఒక వైపు బెంగాలీ వాళ్ళు, ఇంకో వైపు మలయాళీలు, ఎదురుగా సర్దార్జీ కుటుంబం. నాన్న పుట్టిన ఊరి చుట్టుపక్కల ఇంటికొక్కరైనా పట్టాళంలో ఉండడం మామూలు గనుక, అక్కకి ఆ వైపు సంబంధమే, సైన్యంలో హవల్దారుగా ఉన్న కుర్రవాడినే చూసి చేశారు. బావ సెలవు మీద వస్తున్నాడంటే దుర్గ్ స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకుని వీధి మలుపు తిరక్కముందే ఆయన గొంతు మా వంటింట్లోకి వచ్చేసేది. అంత నోరు, అంత నవ్వు, కూర్చుంటే లేవని మనిషి. నాన్నతో పేకాట మొదలుపెట్టాడంటే అమ్మ వడ్డించి పిలిచి పిలిచి విసిగిపోవలసిందే. నేను అప్పుడు రాజనీతిశాస్త్రంలో ఎమ్మే చదువుతూ ఉండేదాన్ని. "ఇదంతా సదివీసి రాజ్యం ఏలీస్తావేటి పిల్లా?" అని వేళాకోళం చేసేవాడు.

అలాంటి బావని సమితి తరఫున ఆఫ్రికాలో ఒక దేశానికి పంపించే దళంలోకి తీసుకున్నారని తెలిసినప్పుడు మా వీధికి వీధే పండగ చేసుకుంది. లేత నీలం టోపీ పెట్టుకుని తీయించుకున్న ఫొటో వస్తే నాన్న దాన్ని జేబులో పెట్టుకుని షిఫ్టుకి తీసుకెళ్ళి, అందరికీ చూపించి, అంచులు మాసిపోయాక ఇంటికి తెచ్చారు. బెంగాలీ పిన్నిగారు సందేశ్ మిఠాయి చేసి పంపించింది. నేను అప్పటికి హిందీ మీడియం బడిలో సోషల్ టీచరుగా చేరి ఏడాదైనా కాలేదు. సమితి పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద గుండ్రాలు గీసి, ఇది అన్ని దేశాలూ కూర్చునే సభ, ఇది భద్రత చూసే మండలి, అందులో శాశ్వతంగా కూర్చునే ఐదు దేశాల్లో ఏ ఒక్కటి కాదన్నా పని జరగదు, సమితికి సొంత సైన్యమంటూ లేదు, మన వంటి దేశాలు అరువిచ్చిన సైనికులే దానికి చేతులూ కాళ్ళూ, అని చెప్పి, ఆ సైనికుల్లో మా బావ ఒకడని గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ వయసులో నాకున్నంత నమ్మకం మళ్ళీ ఎప్పుడూ, దేని మీదా కలగలేదు.

బావ తిరిగి వచ్చిన రోజున వీధి మలుపులో ఏ గొంతూ వినబడలేదు. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాకే చూశాం. మనిషి చిక్కలేదు, దెబ్బ తగల్లేదు, కానీ కూర్చోలేకపోయేవాడు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచి వాకిట్లోకి వెళ్ళి వీధి అటూ ఇటూ చూసి వచ్చేవాడు. పేక ముక్కలు పంచాక లేచిపోయేవాడు. పొద్దున్నే బయల్దేరి మరోదా చెరువు గట్టు పట్టుకుని ఎండెక్కేదాకా నడిచేవాడు. నాన్న, "కూకోవయ్యా అల్లుడూ, ఏటంత తొందర?" అంటే "ఏం లేదు మావా" అని నిలబడే నవ్వేవాడు. దిష్టి తగిలిందని అమ్మ ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. అక్క మాత్రం ఆయన చెప్పులు గుమ్మానికి దగ్గరగా సర్ది పెట్టేది.

అప్పుడే మా బడిలో సమితి పుట్టిన రోజని ఒక చిన్న కార్యక్రమం తలపెట్టారు. బావని తీసుకొచ్చి మాట్లాడించమని పెద్ద టీచరమ్మ నన్ను అడిగింది. నేను వెళ్ళి బతిమాలితే, "ఏటి సెప్పమంటావు పిల్లా, టోపీ రంగు సెప్పమంటావా?" అని తోసేశాడు. అక్క పక్కనుండి "ఎల్లండి, పిల్లలే కదా" అనేసరికి ఒప్పుకున్నాడు. ఆ రోజు క్లాసులో ముందంతా బాగానే సాగింది. అక్కడి ఎండ, ఎర్రమట్టి దుమ్ము, బావుల దగ్గర నీళ్ళు పంచడం, పిల్లలకి టీకాలు వేయించడం చెబుతుంటే మా పిల్లలు కేరింతలు కొట్టారు. కొట్టుకుంటున్న రెండు పక్షాలూ సంధి చేసుకున్నాయనీ, ఆ సంధి గీత దగ్గర కాపలా ఉండి చూడటమే తమ పని అనీ, తమ మీద కాలిస్తే తప్ప తాము కాల్చకూడదన్నది నియమమనీ చెప్పాడు. అంతలో ముందు బెంచీలో ఒక ఆడపిల్ల లేచి, "అంకుల్, మీ మీద కాకుండా వేరే వాళ్ళ మీద కాలిస్తే? బందూక్ తో థీ నా ఆప్‌కే పాస్?" అంది, మీ దగ్గరా తుపాకులున్నాయి కదా అని.

ఆ పిల్లకి ఏ దురుద్దేశమూ లేదు. నేను పాఠం చెప్పేటప్పుడు నన్ను అడగవలసిన ప్రశ్న, నేను చెప్పిన తీరులో దానికి చోటు లేక ఆయన్ని అడిగింది. బావ అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. నల్లబల్ల దగ్గర్నుంచి తలుపు దాకా, తలుపు దగ్గర్నుంచి నల్లబల్ల దాకా నడుస్తూ, ఇంట్లో అక్కకి కూడా చెప్పని సంగతి, మాట్లాడే హిందీలో, ఆ పిల్లలకి చెప్పుకొచ్చాడు.

వాళ్ళ దళం దిగింది ఒక పాత పత్తి మిల్లు ఆవరణలో. ఒక తెల్లవారుజామున సంధి తెగిపోయింది. ఊళ్ళో కాల్పులు మొదలై, జనం చాపలూ గిన్నెలూ పట్టుకుని మిల్లు గేటు దగ్గరకి వచ్చేశారు. గేటు కాపలా బావది. శిబిరంలోకి ఒక పక్షం జనాన్ని రానిస్తే రెండో పక్షం సమితి కూడా శత్రువుల్లో కలిసిందంటుంది, కాబట్టి పై అనుమతి లేనిదే ఎవరినీ రానివ్వకూడదని ఆజ్ఞ. అనుమతి ఇవ్వడానికి ఆ దేశ రాజధానిలో ఉన్న సమితి పెద్ద కార్యాలయం సముద్రాలవతల ఉన్న ఇంకా పెద్ద కార్యాలయాన్ని అడగాలి. అడిగారు. ఆగమన్నారు. గేటు బయట ఒకావిడ, పక్కన ముసలి తండ్రితో, చంకలో చాపతో, బావకి ఎదురుగా వచ్చి నిలబడింది. ఆవిడ భాష బావకి రాదు. బావ భాష ఆవిడకి రాదు. ఆవిడ వేలు చాచి బావ టోపీ మీద గుర్తుని చూపించింది, తర్వాత గేటుని చూపించింది. బావ తల అడ్డంగా ఊపి, చర్చి ఉన్న దారి చేత్తో చూపించాడు. ఆవిడ కోపగించుకోలేదట, ఏడవలేదట. సరేనన్నట్టు తల ఆడించి తండ్రి చెయ్యి పట్టుకుని ఆ దారినే వెళ్ళింది. ఆవిడ వెనక ఇంకా కొందరు వెళ్ళారు.

మధ్యాహ్నమయ్యేసరికి చర్చి దారిలోంచే తుపాకుల చప్పుడు వచ్చింది. వాళ్ళ మేజరు గారు వైర్‌లెస్సులో మళ్ళీ అడిగారు. మళ్ళీ ఆగమన్నారు. ఆయన ఆ యంత్రాన్ని కింద పెట్టి, నడిచి గేటు దగ్గరకి వచ్చి, తియ్యి అన్నారు. బావ తీశాడు. గోడ వారన కూలబడి ఉన్న జనమంతా లోపలికి వచ్చి ఆవరణ నిండిపోయింది. సాయంత్రం ఆయుధాలతో గుంపు వచ్చి వాళ్ళని బయటకి పంపమంది. మేజరు గారు ఒట్టి చేతులతో గేటు బయటకి వెళ్ళి నిలబడ్డారు, పక్కన బావ. లోపలికి వచ్చాక వీళ్ళు మావాళ్ళు, వీళ్ళ మీద పేల్చిన తూటా మా మీద పేల్చినట్టే, మా మీద కాలిస్తే కాల్చవచ్చని మాకు నియమముంది, అని దుభాషీ చేత చెప్పించారు. చాలాసేపు కేకలు వేసి, గేటుని తన్ని, వాళ్ళు వెళ్ళిపోయారు. ఒక్క తూటా పేలలేదు. ఆవరణలో ఉన్నవాళ్ళంతా బతికారు. చర్చి వైపు వెళ్ళినవాళ్ళ గురించి మర్నాడు వెళ్ళి చూసిన జవాన్లు వచ్చి చాలాసేపు చేతులు కడుక్కున్నారట. ఆవిడ ఆ పోయినవాళ్ళలో ఉందో లేదో బావకి ఎప్పటికీ తెలియలేదు.

బావ ఆ ఆడపిల్ల బెంచీ దగ్గర ఆగి, "బేటా, పొద్దున్నా అదే నియమం, సాయంత్రమూ అదే నియమం," అన్నాడు. ఆ మాటతోనే బయటకి వెళ్ళిపోయాడు. పెద్ద టీచరమ్మ తర్వాత నన్ను పిలిచి, సిలబస్సులో లేనివి పిల్లలకెందుకని మెత్తగానే మందలించింది.

ఆ సాయంత్రం బావ వెంట నేనూ చెరువు గట్టు మీద నడిచాను. అందరికన్నా ముందు నేనే ఓదార్చాలనుకుని, తప్పు నీది కాదు బావా, ఆజ్ఞది, ఆ చట్టమే అలా ఉంది, అన్నాను. ఆయన ఆగి నా వైపు చూశాడు. "సట్టం అలాగుంటే మద్దేనం గేటెలా తీసినాం పిల్లా?" అన్నాడు. "అదే సట్టంలోంచి మేజరు గారు ఆ మాట తీసినారు. పొద్దుట మాలో ఒక్కడికీ తోచలేదు. నాను ఆవిడకి దారి సూపించీసినాను." ఇద్దరం చీకటి పడకముందే ఇల్లు చేరాం. అప్పటి నుంచి నాకు పుస్తకంలో పాఠం పాఠంలా కనబడడం మానేసింది. సెలవు రోజుల్లో బస్సెక్కి, కుమ్హారి మీదుగా రాయపూర్ వెళ్ళి, అక్కడి విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో సమితి ఒప్పంద పత్రం తీసుకుని ఒక్కొక్క అధికరణం చదివేదాన్ని. ప్రజల పేరుతో మొదలయ్యే ఆ పత్రం లోపలికి వెళ్ళేకొద్దీ దేశాల మాటే మాట్లాడుతుంది. ఏ దేశం ఇంటి వ్యవహారంలో ఎవరూ తల దూర్చరాదని ఒక చోట, శాంతికి ముప్పు వస్తే బలం వాడవచ్చని ఇంకొక చోట. చాప చంకన పెట్టుకుని వచ్చిన మనిషి ఈ రెండింటి మధ్యా ఎక్కడ నిలబడాలో నాకు ఎంత చదివినా దొరకలేదు.

మేజరు గారి మీద, ఉత్తర్వు లేకుండా పని చేశారని విచారణ పెట్టారు. శిక్షా వెయ్యలేదు, మెచ్చుకోనూ లేదు, గడువుకి ముందే ఇంటికి పంపించారు. బావ నౌకరీ అయిపోయాక భిలాయిలోనే స్థిరపడ్డాడు. ప్లాంటు కాంట్రాక్టరు ఒకాయన గేటు కాపలా ఉద్యోగం ఇస్తానని ఇంటికి వచ్చి అడిగితే వద్దని, క్యాంప్ 2 బస్తీ పిల్లల్ని బడికి చేరవేసే వ్యాను తోలుకున్నాడు. ఆ పని ఆయనకి సరిపోయింది. కదులుతూ ఉంటుంది కదా.

కొన్నేళ్ళకి ఒక పొద్దున్న పేపర్లో ఒక చిన్న వార్త చూశాను. ఇక మీదట సమితి దళాలు కళ్ళెదుట సామాన్య జనానికి ప్రాణాపాయం వస్తే కాపాడటానికి బలం వాడవచ్చని, అది వాళ్ళ పనిలో భాగమేనని, మండలి దళాలకిచ్చే ఆదేశంలోనే రాయడం మొదలుపెట్టిందని దాని సారాంశం. బడికి వెళ్ళే దారి మార్చుకుని అక్క ఇంటికి పరుగెత్తాను. బావ వ్యాను తుడుస్తున్నాడు. గుడ్డ భుజాన వేసుకుని, కూడబలుక్కుంటూ చదివి, మళ్ళీ చదివాడు. సంతోషిస్తాడనుకున్నాను. ఏడుస్తాడేమోననీ అనుకున్నాను. "మేజరు గారికి ఈ కబురు అందుంటదా?" అన్నాడు. ఆయన ఎక్కడ ఉన్నారో మాకెవరికీ తెలియదు. బావ ఆ పేపరు నాకు ఇచ్చేసి, పిల్లలు ఎదురు చూస్తుంటారని వ్యానెక్కి వెళ్ళిపోయాడు.

బావ పోయి చాలా కాలమైంది. నాన్న తరంలో రేడియోలో సమితి సమావేశమైందని చెబితే, పెద్దలు కూర్చున్నారు, ఏదో ఒకటి తేలుస్తారులే అనుకుని సైకిలెక్కి నిశ్చింతగా షిఫ్టుకి పోయేవారు. ఇప్పుడు అదే వార్త వస్తే మా ఇంట్లో ఎవరూ తల కూడా ఎత్తరు. మా అబ్బాయి, "అమ్మా, వో లోగ్ కుఛ్ నహీఁ కర్‌తే, వాళ్ళేమీ చెయ్యరు, ఎందుకు చూస్తావు?" అని రిమోటు తీసుకుంటాడు. వాడిని తప్పు పట్టలేను. ఆ రోజుల్లో కాపాడమని రాసిన వాక్యం లేకపోయినా తీసిన గేటు ఒకటుంది. ఇవాళ ఆ వాక్యం ఉంది, దాని కింద ఎన్నో సంతకాలున్నాయి, అయినా మూటలు మోసుకుంటూ నడిచే జనం టీవీలో కనబడుతూనే ఉన్నారు. వాడు ఛానలు మార్చేలోపల నేను వాళ్ళ ముఖాల కేసి కాక వాళ్ళు వచ్చిన వైపు చూస్తాను, ఎవరైనా చెయ్యి చాచి వాళ్ళకి దారి చూపిస్తున్నారేమోనని. అంతలోనే బొమ్మ మారిపోతుంది. నేను లేచి వాకిట్లోకి వెళ్ళి, ఊరికే వీధి అటూ ఇటూ చూసి వస్తాను.