పక్కింటికి రిజిస్టర్ పోస్టు

2009లో నాకు కొత్తపేటలో చిన్న కంప్యూటర్ సర్వీసింగ్ షాపు ఉండేది. బోర్డు మీద పెద్ద పేరే రాయించాను గానీ ఊళ్ళో అందరూ "కంప్యూటరమ్మాయి కొట్టు" అనేవారు. విండోస్ వేయడం, వైరస్ తీయడం, పాత లాప్‌టాప్‌లు బాగుచేసి అమ్మడం, కొత్తగా బ్రాడ్‌బ్యాండ్ తీసుకున్న ఇళ్ళలో మోడెమ్ పెట్టడం నా పని. నోరు కాస్త పెద్దది. పని కూడా నోటికి తగ్గట్టే చేస్తానని నాకో గర్వం.

అప్పట్లో వైర్‌లెస్ మోడెమ్‌లు కొత్త. ఫోను వైరులో వచ్చే ఇంటర్నెట్‌ను గాలిలోకి వదిలే పెట్టె అది. దానికి పాస్‌వర్డ్ పెడితే ఆ పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళే వాడగలరు. పెట్టకపోతే గోడ అవతలివాళ్ళకైనా అందుతుంది. దాన్ని మా భాషలో ఓపెన్ నెట్‌వర్క్ అంటాం. నేను మొదట్లో అందరికీ పాస్‌వర్డ్ పెట్టేదాన్ని. వారం తిరక్కుండా "ఆ కాగితం ఎక్కడో పోయిందండీ" అని ఫోన్లు వచ్చేవి. విసుగెత్తి పెట్టడమే మానేశాను. ఊళ్ళో వైర్‌లెస్ ఉన్నదే నాలుగైదు ఇళ్ళలో, ఎవరు దొంగిలిస్తారులే అనుకున్నాను.

అలా తాళం వేయకుండా వదిలేసిన ఇళ్ళలో విశ్వనాథం గారిది ఒకటి. ఆయన పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసే రోజుల్లో తణుకులో ఉన్న ఒకాయనతో కార్డుల మీద చదరంగం ఆడేవారట. ఒక కార్డుకి ఒక ఎత్తు. ఒక ఆట తేలడానికి ఏడాది దాటేదట. ఆ సరదా కోసమే కంప్యూటర్ కొని, ఎవరెవరితోనో నెట్‌లో ఆడుతుండేవారు.

జూన్‌లో ఒకరోజు ఆయన ఫోన్ చేశారు.

"అమ్మా సుజాతా, రెండు నెలల నుంచీ ఓడిపోతున్నానమ్మా. ఆట రాక కాదు. మూడింటికి కూర్చుంటే చాలు, నెట్టు నత్తలా నడుస్తోంది. నేను గుర్రాన్ని జరిపేలోగా టైము అయిపోయిందంటోంది."

వెళ్ళి మోడెమ్ తెరిచి చూశాను. ఇంట్లో ఉన్నది ఒక్క కంప్యూటర్. లోపల కనిపిస్తున్నవి రెండు.

"మాస్టారూ, మీ నెట్ ఎవరో వాడేస్తున్నారు" అన్నాను. ఇక నా నోటికి పట్టపగ్గాల్లేవు. అనుమతి లేకుండా వేరేవాళ్ళ నెట్‌వర్క్‌లో దూరడం ఐటీ చట్టం ప్రకారం తప్పని చెప్పాను. వాళ్ళు ఏ పాడు ఉత్తరమో ఎవరికో పంపితే పోలీసులు ముందు వచ్చేది మన గడపకేనని భయపెట్టాను. "పక్కా దొంగతనమండీ. వాళ్ళేం చేస్తున్నారో నేను చూడగలను. చూసి చెప్పమంటారా?"

విశ్వనాథం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "వద్దమ్మా. ముప్పై ఏళ్ళ పైన ఉత్తరాలు ఈ చేతుల మీదుగా వెళ్ళేయి. అంటించని కవరు కూడా తెరిచి చూడలేదు. వాళ్ళు నా లైను వాడడం తప్పే. వాళ్ళ మాటలు మనం వినడం ఇంకా తప్పు. ఆ పెట్టెకి తాళం వెయ్యి, చాలు."

సరేనని, ఏ మెషీనో పేరు మాత్రం చూద్దామని జాబితా తెరిచాను. మొదటిది ఆయనది. రెండోదాని పేరు స్వర్ణ.

విండోస్ వేసేటప్పుడు కంప్యూటర్‌కి ఒక పేరు పెట్టమంటుంది. ఆ పేరు కొట్టింది నేనే.

రెండు నెలల క్రితం, విశ్వనాథం గారి పక్కింటి శ్రీనివాసు నా దగ్గర పాత లాప్‌టాప్ కొన్నాడు. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరి వ్యాపారి దగ్గర గుమాస్తా అతను. భార్య స్వర్ణకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. కాకినాడలో బధిరుల పాఠశాలలో హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకునేవారు. ఈ ఊరు కాపురానికి వచ్చాక ఆ భాష తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. కాకినాడలో ఉన్న స్నేహితురాలు పద్మతో వెబ్‌క్యామ్‌లో మాట్లాడుకుంటుందని శ్రీనివాసు ఆ లాప్‌టాప్ కొన్నాడు. ఇంట్లో పెట్టి చూపిస్తూ, పరీక్షించడానికి నేను గాలిలో దొరికిన సిగ్నల్‌కి కలిపేశాను. ఎవరిదో తెలుసు, నేను పెట్టిందే కదా! తెర మీద పద్మ ముఖం రాగానే స్వర్ణ చేతులు ఆగలేదు. ఆ ఆనందంలో నేనూ మురిసిపోయి, ఇంకో చోట పనుందని బండెక్కాను. నెట్ ఎవరిదో చెప్పలేదు, తర్వాత తీసేయలేదు, ఆ సంగతే మరచిపోయాను.

ఇప్పుడు మోడెమ్ ముందు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నోరు తెరిచి చెప్పెయ్యవచ్చు. చెప్పలేదు. పాస్‌వర్డ్ పెట్టి, కాగితం మీద రాసి ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను. ఎవరికీ తెలియదులే అనుకున్నాను. ఇది రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది.

నాలుగో రోజు శ్రీనివాసు లాప్‌టాప్ సంచీతో షాపుకి వచ్చాడు. వెనకాల స్వర్ణ.

"చచ్చిపోయినట్టుందండీ ఇది. నెట్టు రావట్లేదు" అన్నాడు. "ఈవిడ సరిగా అన్నం కూడా తినట్లేదండీ. రోజూ మూడింటికి దాని ముందు కూర్చుని, రాత్రి దాకా లేవట్లేదు."

"శ్రీనివాసు గారూ, ఆ నెట్ ఎక్కడిదనుకున్నారు?" అని అడిగాను.

"అదేంటండీ, లాప్‌టాప్‌తో వస్తదనుకున్నాం. రేడియో కొంటే పాటలు వచ్చేత్తాయి కదండీ, అలాగ. మీరే కదండీ పెట్టేరు?"

అతని అమాయకత్వానికి నవ్వు రావలసింది. రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. స్వర్ణ నా పెదవులే చూస్తోంది. కొంత అర్థమైంది, కొంత కాలేదు. నా బల్ల మీది బిల్లు పుస్తకం లాక్కుని వెనక పేజీలో రాసి నా ముందు పెట్టింది.

"నేను దొంగతనం చేశానా?"

ఆ అక్షరాలు గుండ్రంగా, బడిపిల్ల దస్తూరీలా ఉన్నాయి. దాని కింద "నువ్వు కాదు, నేను" అని రాశాను. ఆమె ఒప్పుకోలేదు. తల అడ్డంగా ఊపి, లాప్‌టాప్ మూత మూసి సంచీలో పెట్టేసింది. తర్వాత ఇంకో కాగితం తీసుకుని చాలాసేపు రాసింది. అది పోస్టుమాస్టరు గారికి ఇమ్మని చేత్తో చూపించింది. సొంత లైను కోసం దరఖాస్తు పెడతానని శ్రీనివాసు అన్నాడు గానీ, అది వచ్చేసరికి ఎన్నాళ్ళవుతుందో ఎవరికి తెలుసు?

ఆ మధ్యాహ్నమే విశ్వనాథం గారింటికి వెళ్ళి మొదటి నుంచీ చెప్పాను. కాగితం ఇచ్చాను. "మీ నెట్ అని తెలియక వాడుకున్నాను. నావల్ల మీరు ఆటలు ఓడిపోయారట. క్షమించండి. ఇక వాడను" అని ఉంది అందులో.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నాకు చెప్పకుండా తీసుకున్నావు. ఆ అమ్మాయికి చెప్పకుండా తీసేసేవు" అన్నారు. "రెండూ ఒక్కటేనమ్మా."

అంత మెత్తగా అన్న మాట నాకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. వంటింట్లోంచి ఆయన భార్య కామేశ్వరి గారు వచ్చి, "పోనీలెండి, పిల్ల వచ్చి చెప్పుకుంది కదా" అని నాకు మజ్జిగ ఇచ్చారు. తాగలేకపోయాను.

"పాస్‌వర్డ్ నేనే పట్టుకెళ్ళి ఇచ్చేస్తానండీ ఇప్పుడే" అన్నాను.

"ఆగమ్మా. చేతిలో పెడితే జాలిపడి ఇచ్చేరనుకుంటుంది. పోస్టులో వస్తే అది ఉత్తరం."

ఆయన కూర్చుని ఉత్తరం రాశారు. పాస్‌వర్డ్, దాని కింద రెండే మాటలు: "మూడు నుంచి నాలుగున్నర వరకు లైను మీది. నేను ఆ తర్వాత ఆడుకుంటాను." కవరు మీద శ్రీమతి స్వర్ణ అని రాశారు. 'కేరాఫ్ శ్రీనివాసు' అని రాయలేదు. ఆ కవరు పట్టుకుని పోస్టాఫీసుకి నడిచి వెళ్ళి, రసీదు కార్డుతో సహా రిజిస్టర్ పోస్టు చేశారు. పిట్టగోడ అవతలి ఇంటికి! ఆ గోడ మీంచి చెయ్యి చాపితే అందుతుందే, ఇదేం చాదస్తమని నాలో నేను విసుక్కున్నాను.

ఆ చాదస్తం ఏమిటో రెండో రోజు తెలిసింది. ఉండబట్టలేక ఆ వీధిలోనే తచ్చాడుతున్నాను. పోస్ట్‌మ్యాన్ సైకిలు దిగి గేటు తట్టాడు. శ్రీనివాసు వచ్చి చెయ్యి చాపితే, "మీది కాదండీ, అమ్మగారిది. సంతకం ఆవిడే పెట్టాలి" అన్నాడు. స్వర్ణ బయటికి వచ్చింది. కవరు మీద తన పేరు చూసి, వేలితో ఒక్కో అక్షరం తడిమింది. ఈ ఊరు వచ్చాక ఆమె పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం అది. సంతకం పెట్టేటప్పుడు పూర్తి పేరు రాసింది.

ఆ సంతకమున్న రసీదు కార్డు వెనక్కి వస్తే విశ్వనాథం గారు మోడెమ్ పక్కన నిలబెట్టారు. "అనుమతి పత్రం" అనేవారు నవ్వుతూ. ఆ రోజు నుంచి నేను పాస్‌వర్డ్ లేకుండా ఒక్క మోడెమ్ కూడా వదిలిపెట్టలేదు. కాగితం పోయిందని పదిసార్లు పిలిస్తే పదకొండోసారీ వెళ్ళాను. సిగ్నల్ అందినంత మాత్రాన అది మనది కాదు, అడిగాకే చెయ్యి పెట్టాలి. తీసేసేటప్పుడు కూడా చెప్పే తీసేయాలి. ఈ రెండో సంగతి ఏ చట్టమూ నాకు చెప్పలేదు.

మరుసటి ఏడాది శ్రీనివాసు ఇంటికి సొంత లైను వచ్చింది. మోడెమ్ నేనే పెట్టాను. పాస్‌వర్డ్ కొట్టమంటే స్వర్ణ నన్ను అటు తిరగమని సైగ చేసి, తనే కొట్టుకుంది. మూడు రోజుల తర్వాత విశ్వనాథం గారు ఫోన్ చేశారు. కంగారుగా, "మళ్ళీ నెట్ పోయిందా మాస్టారూ?" అన్నాను.

"లేదమ్మా, బాగానే ఉంది. ఇప్పుడే నాకు రిజిస్టర్ పోస్టు వచ్చింది. పక్కింటి నుంచి" అన్నారు. "మీ లైను ఎప్పుడైనా ఆగిపోతే మాది వాడుకోండి అని పాస్‌వర్డ్ రాసింది. సంతకం పెట్టి తీసుకున్నాను."